పెంటదిబ్బలో దొడ్డయ్య

నాయనమ్మ కళ్లజోడు కోసం లోపలికి వెళ్లింది. ఇంకో నిమిషం ఉంది. ఆ నిమిషంలో ఫోను చెయ్యి జారి నాపరాళ్ల మీద పడి పగిలిపోతే బాగుండును, పోనీ సిగ్నలైనా పోతే బాగుండును అనుకుంటూనే సింధూజ ఫోనును మంచినీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టింది. అది కుదురుగా నిలబడింది. సిగ్నలు గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. మామూలుగా మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఈ ఊళ్లో ఒక్క గీత ఉంటే గొప్ప, రెంటచింతల ఎండకు టవరుకు కూడా వడదెబ్బ తగులుతుందని దుర్గాప్రసాద్ బాబాయి అంటుంటాడు, ఇవాళ మాత్రం దానికేమీ కాలేదు. అమ్మ ఉంటే ఏదో ఒక పని చెప్పి నాయనమ్మ ధ్యాస మళ్లించేది, కానీ అమ్మ పిన్ని కాన్పుకని నరసరావుపేట వెళ్లి నాలుగు రోజులైంది. సింధూజకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పబోతే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత గొంతు లోపలికి పోతుంది. ఆ గొంతు మామూలప్పుడే బయటికి రాదు, బళ్లో పాఠం చదవమంటే రెండో వాక్యానికల్లా వెనక బెంచీల వాళ్లు చెవులు రిక్కించాల్సి వచ్చేది. అలాంటి పిల్ల టెన్త్ సోషల్ నోట్సులో మిగిలిన కాగితాల మీద రాసిన మాటలకు ఇప్పుడు మూడు లక్షల మంది నవ్వుతున్నారంటే, అందులో సగం మాటలు కక్కుళ్ల గురించి, అపానవాయువుల గురించి అంటే, ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మక్కర్లేదు, ఎవరికీ చెప్పొద్దు బాబాయ్ అని ఒట్టు వేయించుకుంది. బాబాయి పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని నెలల్లో కెమెరా ఖాళీగా ఉంటుందని ఫోన్లలో చూసే ఈ నవ్వుల సీరియల్ మొదలుపెట్టాడు, పేరు దొడ్డయ్య పార్టీ, బుడ్డయ్య పార్టీ. ఆరు ఎపిసోడ్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు చూశారు. నాలుగు రోజుల కింద పెట్టిన ఏడోది మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లింది.

వాడపల్లి దాకా వెళ్లింది. నాన్న అక్కడే చూశాడు. సిమెంటు లారీ పక్కన ఆపి టిఫిను చేస్తుంటే హోటల్లో ఎవరో ఫోను పెట్టుకుని పడీ పడీ నవ్వుతున్నారట, మన దుర్గా వీడియోనే అని నాన్న కూడా గర్వంగా మెడ చాచి చూశాడట, పెంటదిబ్బ సీను వచ్చేదాకా. పొద్దున ఎనిమిదింటికి ఫోను చేసి దుర్గాకు ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగాడు. ఏ సంగతో సింధూజకు అర్థం కాలేదు, ఎవరూ చెప్పలేదు నాన్నా, నేనే రాశాను అనేసింది, ఇన్నాళ్ల రహస్యం అంత తేలిగ్గా నోట్లోంచి జారిపోయింది. లారీల హారన్ల మధ్య నాన్న గొంతు తగ్గించి, పక్కన ఎవరో ఉన్నట్టు చెప్పాడు.

“మీ తాత కృష్ణ ఈదలేదమ్మా. పెంటదిబ్బలో ఉన్నాడు. నేను చూశా.”

బాలకోటయ్య తాత కృష్ణ ఈదాడని ఊళ్లో చీమకు కూడా తెలుసు. నలభై ఏళ్ల కింద, ఊరు రెండు పార్టీలుగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం అవతలి పార్టీ వాళ్లు నాటుబాంబులతో వస్తే తాత దొడ్డిగోడ దూకి, చేలకు అడ్డంపడి ఏటి దాకా పరుగెత్తి, చీకట్లో అవతలి ఒడ్డుకు ఈది పది రోజుల తర్వాత తిరిగొచ్చాడు. ఆయన మీసం తిప్పినప్పుడల్లా ఆ ఏరంతా ఆ మీసంలో ఉన్నట్టే చూసేవాళ్లు. నాన్నకు అప్పుడు ఆరేళ్లు. తెల్లవారుజామున అలికిడికి లేచి మంచం కింద నుంచి చూస్తే వాళ్లమ్మ దొడ్లో పెంటదిబ్బలోంచి ఎవరో నల్లటి మనిషిని లాగుతోంది, దెయ్యమనుకుని లాగు తడుపుకున్నాడట. ఈ మాట నీ నోట వస్తే నాలిక మీద వాత పెడతానని నాయనమ్మ అన్నదట. నాన్న నలభై ఆరేళ్ల వాడై కూడా అమ్మకు చెప్పలేదు, తమ్ముడి వరసైన బాబాయికీ చెప్పలేదు. మీ తాతా నాయనమ్మా ఎప్పుడూ ఆ రోజు ఊసెత్తలేదమ్మా, తాత పోయినా ఆమె పెదవి విప్పలేదు, ఆమెకు మాత్రం చూపించమాక, తట్టుకోలేదు అని చెప్పి నాన్న ఫోను పెట్టేశాడు. దొడ్డయ్యను ఎక్కడ దాచాలా అని మూడు రోజులు ఆలోచించింది కదా తను. గడ్డివాము అయితే అందరూ అనుకునేదే, బావి అయితే బాబాయి కెమెరా తడుస్తుంది, పెంటదిబ్బ అనుకోగానే దిండులో మొహం పెట్టుకుని ఒక్కతే నవ్వుకుంది. ఎక్కడినుంచో ఊడిపడిన ఊహ అనుకుంది. అది తన దొడ్లోనే, తన తాత మీదే నలభై ఏళ్ల కింద జరిగిందని తెలిస్తే రాసేదా? రాసేది కాదు. కానీ ఇప్పుడెవరు నమ్ముతారు, కొడుకు నోరు జారితే మనవరాలు ఊరికంతా చాటిందనే నాయనమ్మ అనుకుంటుంది. పైగా పొద్దుటి నుంచి పక్కింటి ఖాతూన్ బీ నవ్వులు గోడ దాటి వినిపిస్తూనే ఉన్నాయి, పార్టీల కథంట మల్లమ్మక్కా, బాంబులంట అని ఆమే నాయనమ్మకు చెప్పింది, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ నాయనమ్మ అడగనే అడిగింది. ఏందే, ఊరంతా చూస్తన్న ఈడియో నాకే చూపియ్యలా, అని.

నాయనమ్మ వచ్చి కూర్చుంది. కళ్లజోడు కొంగుతో తుడిచి పెట్టుకుంది. సింధూజ వేలు తెర మీదికి వెళ్లి తనంతట తనే నొక్కేసింది. డప్పు మోగింది, పుల్లయ్య నడుచుకుంటూ వచ్చాడు. పుల్లయ్య రాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ పనిచేస్తాడు, ఎంత సిగ్గరి అంటే సింధూజ ఎదురొస్తే పక్కకు తిరుగుతాడు, దొడ్డయ్య మీసం అంటించగానే మాత్రం వేరే మనిషి. తెర మీద తొడ కొట్టాడు, ఆ చప్పుడుకు గోడ మీద కాకి లేచిపోయింది. నాయనమ్మ కదల్లేదు. బుడ్డయ్య వేషం బాబాయిది. ఇద్దరూ పప్పుగుత్తులతో కొట్టుకున్నారు, దొడ్డయ్య నోట్లోంచి పళ్లు టపటపా రాలాయి. అవి వెల్లుల్లి రెబ్బలు, సింధూజే ఒలిచి ఇచ్చింది, వారం రోజులు పుల్లయ్య పెళ్లాం అతన్ని దగ్గరికి రానియ్యలేదని బాబాయి చెప్పాడు. రక్తం బీట్‌రూట్ రసం. చీమిడి సగ్గుబియ్యం గంజి. కక్కు అంటే రాగి జావలో బఠానీలు, నిన్నటి జావ అయితేనే సరైన రంగు వస్తుంది. ఇవన్నీ తన చేత్తో కలిపింది కాబట్టి సింధూజకు అసహ్యం వేయదు, వంటగదే కనబడుతుంది. నాయనమ్మకు ఏం కనబడుతోందో. ఆమె ముఖం పక్క నుంచి చూస్తే ఎప్పటిలాగే ఉంది, కూలర్ గాలికి తెల్ల వెంట్రుక ఒకటి ముక్కు మీద ఆడుతుంటే కూడా తీసుకోవడం లేదు. తెర మీద బుడ్డయ్య వేలు చూపించి, నీ ముక్కులో మునగచెట్టు మొలవ, దాని కాయలు నీ అత్త కొయ్య అని తిట్టాడు.

“ఆ తిట్టు నాది,” అంది నాయనమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

సింధూజ చెవులు భగ్గుమన్నాయి. నిజమే, ఆ తిట్టే కాదు, ఈ సీరియల్‌లో ఉన్న తిట్లన్నీ నాయనమ్మ గేదెను, కోళ్లను, కరెంటాఫీసు వాళ్లను తిట్టినవే, విన్నప్పుడల్లా నోట్సులో రాసుకున్నవే. అంటే తెలిసిపోయింది. ఎవరు రాశారో తెలిసిపోయింది, ఇక పెంటదిబ్బ వస్తే ఇంకేం మిగలదు. ఆపేస్తే? చార్జింగ్ లేదంటే? తొంభై రెండు శాతం అని మూలన పచ్చగా వెలుగుతోంది. తెర మీద ట్రాక్టరు వచ్చింది, ట్రక్కు నిండా పేడ బాంబులు. పేడ ఉండలకు పురికొస చుట్టి, వత్తి పెట్టి, నిజం బాంబుల్లాగే చేశారు, వత్తి కాలి ఛప్ మని పేలితే ఎదుటివాడి ముఖం మీద కళ్లు మాత్రమే తెల్లగా మిగులుతాయి. నిజం బాంబును సింధూజ ఒక్కసారే చూసింది. నాలుగో తరగతిలో, ఎలక్షన్లప్పుడు, బడి వెనక వాములో దొరికాయని పోలీసులు బకెట్ నీళ్లలో వేసి తీసుకెళ్తుంటే కిటికీలోంచి చూసింది. ఇంతేనా అనిపించింది, లడ్డూ అంత ఉంది, పురికొస చుట్టి ఉంది. అయినా టీచరమ్మ బల్ల వెనక్కి నక్కడం చూసి తనూ బెంచీ కిందికి దూరి, ఇంటికి పొమ్మన్నా రాలేకపోయింది. మరుసటి వారం పిల్లలందరూ మట్టి ఉండలు చేసుకుని పార్టీల ఆట ఆడారు. తను ఆడలేదు, గోడ పక్కన నిలబడి చూసింది. ఒకడి నోట్లో మట్టి ఉండ సరిగ్గా వెళ్లి పడి వాడు థూథూ అంటూ గెంతులేస్తే మాత్రం నవ్వింది, చాలా రోజుల తర్వాత అంత నవ్వింది, ఆ తర్వాత వాముల పక్క నుంచి నడవడానికి భయం వేయలేదు. అది ఎవరికి చెబితే అర్థమవుతుంది? కామెంట్లలో ఒక పెద్దాయన రాశాడు, ఈ పల్నాట్లో బాంబులకు ఎన్ని తాళిబొట్లు తెగాయో తెలుసా, మీకు నవ్వులాటగా ఉందా అని. అది చదివిన దగ్గర నుంచి అన్నం సయించలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

దొడ్డయ్య పరుగు మొదలుపెట్టాడు. పంచె ఊడిపోతోంది, వెనక ట్రాక్టరు. ఇంకో అర నిమిషం. పుష్కరాలప్పుడు తాత ఏట్లో మోకాటి లోతు దాటి అడుగు వేయలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది, ఏడేళ్ల తను ఆయన వేలు పట్టుకుని రా తాతా లోపలికి అంటే, ఆయన రెండో చేత్తో ఇనప గొలుసు పట్టుకుని, వద్దమ్మా బురద అన్నాడు. ఆ వేలు ఎంత బిగుసుకుపోయి ఉందో. అప్పుడెందుకు అనుమానం రాలేదు? ఆయన పోయిన రోజు అరుగు మీద పెద్దవాళ్లంతా కూర్చుని మళ్లీ ఆ ఈత కథే చెప్పుకున్నారు, చీకట్లో సుడిగుండం ఎలా తప్పించుకున్నాడో ఒకాయన చేతులు ఊపి చూపించాడు, నాయనమ్మ ముఖం మీద కొంగు కప్పుకుని భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది, ఖాతూన్ బీ ఆమెను పొదువుకుని ఊరుకో అక్కా అంది. అంత ప్రేమ. అంత దాచిపెట్టుకున్న మనిషి ముందు ఇప్పుడు పుల్లయ్య ఎగిరి పెంటదిబ్బలోకి తలకిందులుగా దూకాడు. రెండు కాళ్లు గాల్లో కొట్టుకున్నాయి, అవీ మునిగిపోయాయి. ఒక బొప్పాయి కాడ మాత్రం పైకి లేచింది, ఊపిరి పీల్చుకోవడానికి. కోడి వచ్చి కాడను పొడిచింది. గేదె వచ్చి, చేయాల్సింది చేసింది. బుడ్డయ్య మనుషుల్లో ఒకడు చెంబు పట్టుకుని వచ్చి, చుట్టూ చూసి, దిబ్బ మీదే కుదురుగా కూర్చున్నాడు. కాడలోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. ఈ మూలుగును బాబాయి ఖాళీ బాటిల్లోకి ఊది రికార్డు చేశాడు, ఆ రోజు నవ్వీ నవ్వీ అందరికీ డొక్కలు పట్టేశాయి.

నాయనమ్మ కళ్లజోడు తీసింది. కొంగు ముఖం మీదికి వెళ్లింది. భుజాలు అదిరాయి, ఒకసారి, మళ్లీ, ఇక ఆగకుండా, తాత పోయిన రోజు అదిరినట్టే, గొంతులోంచి ఏ చప్పుడూ రావడం లేదు. సింధూజ ఫోను ఆపేసింది. ఆపినా చెవుల్లో ఏదో మోగుతూనే ఉంది. ఎక్కడ పట్టుకోవాలి ఆమెను, భుజమా, చెయ్యా, ఏం చెప్పాలి, నాకు తెలియదు నాయనమ్మా, ఒట్టు, నాకెవరూ చెప్పలేదు, నేను ఊరికే అనుకుని రాశాను. ఆ మాటలన్నీ నోట్లోకి వచ్చాయి, ‘నాయనమ్మా’ ఒక్కటే బయటికొచ్చింది. నాయనమ్మ కొంగు తీసింది. ముఖమంతా తడి. నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి నవ్వు వచ్చింది, మొదట కీచుమని, తర్వాత నలభై ఏళ్ల నుంచి తెరవని తలుపేదో తెరుచుకున్నట్టు, పడమటి గోడ అవతల ఖాతూన్ బీ ఏమైంది అక్కా అని కేకేసేంత. నాపరాళ్లను అరచేత్తో చరుస్తూ నవ్వింది, పొట్ట పట్టుకుని పక్కకు వాలి నవ్వింది, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయి వేలితో ఫోను చూపించి నవ్వింది. సింధూజకు ఒళ్లంతా ఒక్కసారిగా వదులైంది, చలి జ్వరం దిగినప్పుడు పట్టే చెమటలాంటిది పట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు తాగింది. చెంబు ఎత్తగానే ఫోను బోర్లా పడింది. పడనీ.

ఎక్కిళ్లు తగ్గాక నాయనమ్మ మొదట అన్న మాట బొప్పాయి కాడ గురించి. బొప్పాయి కాడ నిలవదే, వంగిపోద్ది, నేను ఊదుగొట్టం ఇచ్చా అంది, పొయ్యి ఊదుకునే ఇనప గొట్టం. ఇక చెప్పుకుంటూ పోయింది, సింధూజ ఏమీ అడగనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం తాతకు గోడ దూకే వ్యవధి కూడా లేకపోయింది. బజార్లో మొదటి చప్పుడు వినపడగానే నాయనమ్మే దిబ్బను పారతో చీల్చి, పడుకోబెట్టి, గొట్టం నోట్లో పెట్టి, పైన పేడ ఎత్తింది. రాత్రంతా తనూ ఆ దిబ్బ దగ్గరే ఉంది. తెల్లవారుజామున లాగితే నిలువెల్లా పేడతో నిలబడి, మీసం మీద కోడి ఈక, నోట్లో గొట్టం అలాగే పెట్టుకుని ఏదో చెప్పబోయాడు, అది బూమని శంఖంలా మోగింది. అప్పటిదాకా వణికిన ఆమెకు నవ్వొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆయన అప్పటికప్పుడు మాచర్లలో అక్క ఇంటికి వెళ్లిపోయాడు, పది రోజులకు తిరిగొచ్చాక కూడా నెల్లాళ్లు మాట్లాడలేదు. మొదట్లో ఏరు దాటానని మాత్రమే చెప్పాడట, పడవలోనో ఎట్లాగో ఎవరూ అడగలేదు, తర్వాత అది ఈత అయింది, తర్వాత సుడిగుండాలు వచ్చాయి. “ఏడాదికింత చొప్పున ఈదాడులే మీ తాత. ఆయన పోయిన్నాడు ఆ చేతులూపేవాణ్ణి చూసి నవ్వాగక చచ్చా. ఏడుస్తన్నా అనుకున్నారు.” మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని సింధూజ అడిగింది. నాయనమ్మ తడి ముఖం తుడుచుకుంది.

“ఆ సాయంత్రం మనోళ్లు ఇద్దరు పోయారు. ఒకాయన సుబ్బలక్ష్మి మొగుడు. నా మొగుడు పేడలోనన్నా బతికొచ్చాడు. ఆమె ముందు నేనెట్టా నవ్వేదే? బాయి కాడ ఎదురైతే నవ్వొచ్చుద్దేమోనని తల దించుకుని పొయ్యేదాన్ని.” సుబ్బలక్ష్మి నాయనమ్మ పోయిన ఏడు కార్తీకంలో పోయింది, సింధూజకు తెలుసు. సింధూజ ఆ కామెంటు పెట్టిన పెద్దాయన సంగతి చెప్పింది. నాయనమ్మ తల ఊపింది, ఆయనెవరో సరిగ్గానే అన్నాడంది, ఆయన ఇంట్లో ఎవరు పోయారో మనకేం తెలుసు అంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, బోర్లా పడిన ఫోను తీసి కొంగుతో తుడిచింది. “నీ దాంట్లో ఎవురూ చావరు గదా. అది బాగుంది.” తర్వాత, అంత నవ్విన మనిషి ఉన్నట్టుండి ముఖం ముడుచుకుంది. అన్నీ పెట్టావు, గేదెను పెట్టావు, కోడిని పెట్టావు, ఆ చెంబు ఎదవను పెట్టావు. “నన్నెందుకు పెట్టలేదే?”

దొడ్డయ్యకు పెళ్లాం ఉండాలని కూడా సింధూజకు తోచలేదు. తనంతట తనే దూకి తనంతట తనే దాక్కున్నాడు, పేడ పైన ఎవరు కప్పుతారో ఆలోచించనే లేదు. మరి వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పావు నాయనమ్మా అంది, పెన్ను ఎక్కడ పెట్టిందో కళ్లతో వెతుకుతూ. చెబితే ఏం తెలుస్తుంది, అడుగు చూపిస్తా అంటూ నాయనమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది. గది మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి వంగింది. వంగగానే ఆమె వీపు సాపు అయిపోయింది, చేతులు కనబడని గంపలోంచి కనబడని పేడ తీసి, కనబడని దిబ్బ మీద అద్ది, మళ్లీ తీసి, తొందర లేకుండా పని చేసుకుపోయాయి. నువ్వే వాళ్లనుకో, గుమ్మంలోంచి రా, చేతిలో బాంబుంది, పదిమందివి, బెదిరియ్యి అని చెప్పింది. సింధూజ గుమ్మం దాటి వెళ్లింది, వీపు మీద ఎండ సెగ కొట్టింది, తిరిగి వచ్చి నీ మొగుడేడి అని అడిగింది. నాయనమ్మ వంగినచోటి నుంచే, అట్టా అడిగితే మంచినీళ్లిచ్చి పంపేదాన్ని అంది. సింధూజ మళ్లీ బయటికి వెళ్లింది. ఊపిరి నిండా పీల్చి, గుమ్మం మీద కాలు వేసి, తనకే తెలియని గొంతుతో అరిచింది.

“ఏడే నీ మొగుడు?”

గోడ అవతల ఖాతూన్ బీ ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ తల ఎత్తలేదు. చేతిలో పేడ అటు నుంచి ఇటు మార్చుకుని, సింధూజ పాదాల వంక విసుగ్గా చూసింది.

“కాళ్లు తియ్యండయ్యా, పేడ తొక్కుతున్నారు.”